ఆగ్నేయానికి పన్నెండడుగులు

ముహూర్తం పది గంటల పద్నాలుగు నిమిషాలకట. పదింటికి కాదు, పదింపావుకీ కాదు, సరిగ్గా పద్నాలుగు నిమిషాలకి. ఒక్క నిమిషం అటో ఇటో అయితే ఆకాశం ఊడి నెత్తిన పడుతుందన్నట్టు చెప్పాడు జయరాం సిద్ధాంతి. అంతవరకూ ఇంటి యజమాని ఒక్కడే కొత్త పొయ్యి దగ్గర కూర్చోవాలట, ఇంకెవరూ అడుగు పెట్టకూడదట, గాలికి దీపం ఆరకుండా తలుపులూ కిటికీలూ బిగించి ఉంచాలట. సరే, కూర్చున్నాను. గోడ గడియారంలో తొమ్మిదీ పది. అరవై నాలుగేళ్ళొచ్చి, రెండు సార్లు సర్పంచిగా చేసి, కుందుర్పి మండలంలో బయ్యన్న అంటే ఎవరని అడిగేవాడు లేనంత బతుకు బతికి, ఇప్పుడు వంటింట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని స్టవ్వుకి కాపలా. మా నాయన చూసుంటే చెప్పు తీసుకునేవాడు. హాల్లో సాంబ్రాణి పొగ పెట్టుకుని ఆ జయరాం ఏదో గొణుగుతున్నాడు. ఇంట్లో ఆడవాళ్ళు వాడి చుట్టూ చేతులు కట్టుకుని నిలబడుంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అన్నారా.

ఈ జయరాం ఎవరనుకున్నారు? ఐదేళ్ళ కిందట ఇదే మనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నా శెనక్కాయ చేలో తిరిగాడు. కాయ నిటారుగా లేచిన చోట నీళ్ళుంటాయన్నాడు. మూడు చోట్ల లేచింది కాయ. మూడు చోట్లా బోరు వేయించాను, ఏడు వందల అడుగులు, ఎనిమిది వందల అడుగులు, ఆఖరి దాంట్లో వెయ్యి. వచ్చింది తెల్లటి దుమ్ము. ఆ దుమ్ము నా మీసాల మీద పడితే రిగ్గువాళ్ళు మొహం తిప్పుకుని నవ్వారు. నాయన కాలం నుంచీ లెక్కేసుకుంటే మొత్తం తొమ్మిది బోర్లు, వాటిలో ఒక్కటే ఇంకా ప్రాణంతో ఉంది, అదీ రెండు గంటలు పోసి నాలుగు గంటలు పడుకుంటుంది. కొబ్బరికాయ వ్యాపారం చెడ్డాక ఈయన వాస్తు పట్టుకున్నాడు. ఉగాది తరవాత మా ఇంటికొచ్చి, వంటింట్లోకి తొంగిచూసి, నెత్తి కొట్టుకున్నాడు. "ఈశాన్యంలో పొయ్యి పెట్టినావే బయ్యన్నా. అది నీళ్ళ మూల కదప్పా. నీళ్ళ మూలలో నిప్పు పెట్టుకొని బోరులో నీళ్ళు రాలేదంటే యాడనుంచొస్తాయి?" నేను నవ్వాను. నవ్వి, ఆ రాత్రి నిద్రపోలేదు. ఇల్లు కట్టింది ముప్పై ఏళ్ళ కిందట, పొయ్యి ఈశాన్యంలో పెట్టినప్పటి నుంచే బోర్లు ఎండటం మొదలైందా అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ తెల్లవార్లూ దొర్లాను. నమ్మకం కాదు. పదో బోరుకు ముందు ఏ ఒక్క కారణమూ మిగలకూడదని, అంతే. పొయ్యిని ఈశాన్యం నుంచి ఆగ్నేయానికి మార్చాలి. గోడ వెంబడి పన్నెండు అడుగులు.

పన్నెండు అడుగులకు ఎంత గొడవ. నా కొడుకు సందీప్ రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లో సూపర్‌వైజరు. ఎలుకలు రబ్బరు గొట్టం కొరుకుతున్నాయని సిలిండర్లు రెండూ పెరట్లో ఇనుప జాలీలో పెట్టించి, గోడకు బెజ్జం కొట్టించి, సన్నటి రాగి పైపుతో గ్యాసు లోపలికి తెప్పించాడు. ఆ పైపు ఈశాన్యంలో ఆగింది. దాన్ని పన్నెండు అడుగులు లాగితే సరిపోతుంది. ఈ మాత్రానికి కళ్యాణదుర్గం నుంచి తిప్పేష్ అనే గ్యాసు మెకానిక్‌ను పిలిపించింది మా కోడలు లహరి. వచ్చాడు, ఒక సంచీ, ఒక టేపు, పెద్ద ఇంజనీరు లాగా గోడకు చెయ్యి ఆనించి కొలిచాడు. రాగి పైపు ఒకటే ముక్కగా ఉండాలట, మధ్యలో అతుకు పనికిరాదట, గోడ లోపల పూడ్చకుండా కంటికి కనపడేట్టు క్లాంపులు కొట్టాలట, పొయ్యి దగ్గర ఒక వాల్వు ఉండాలట. ఆ పైపు బళ్ళారి నుంచి రావాలి, రెండు దినాలు ఆగండన్నాడు. ముహూర్తం రేపు పొద్దున పెట్టుకుని ఇంకా రెండు దినాలేందిరా అంటే, "అన్నా, ముహూర్తం దాటితే ఇంగొకటి దొరుకుతాది. గ్యాసు నీళ్ళు కాదు. కంటికి అగపడదు, కిందికి దిగి నేల మీద పరుచుకుంటాది" అన్నాడు. నా ఇంట్లో నిలబడి, నీళ్ళ గురించి నాకే చెప్పాడు. నలభై ఏళ్ళుగా పైపులు కలుపుతున్న చేతులివి. రెండంగుళాల పైపు పగిలితే నడిజాము చీకట్లో, నోట్లో టార్చిలైటు పట్టుకుని, సైకిల్ ట్యూబు చీలికతో ఒక్క చుక్క కారకుండా కట్టినవాణ్ణి. వీడు పుట్టినప్పటికి ఈ ఊళ్ళో మొదటి డ్రిప్పు వేసింది నేను. పో పోవయ్యా అన్నాను. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, "మీరే చేసుకుంటారేమో, చేసుకోవద్దన్నా. చేసుకున్నా కూడా సబ్బు నీళ్ళు పూసి చూడండి" అన్నాడు. సబ్బు నీళ్ళట. చేతగానివాడికి సబ్బు నీళ్ళు, గట్టిగా కట్టడం వచ్చినవాడికి ఎందుకు?

ఆ సాయంత్రమే పని ముగించాను. షెడ్డులో డ్రిప్పు పైపు ముక్కలున్నాయి, నల్లవి, కొత్తవే. వేడినీళ్ళలో ముంచితే మెత్తబడి రాగి పైపు మీదికి తొడుగులాగా ఎక్కింది. ఒక ముక్క చాల్లేదు, నడిమధ్యలో డ్రిప్పు జాయింటరు పెట్టి రెండో ముక్క కలిపాను. మూడు చోట్లా సైకిల్ ట్యూబు చీలికలు సాగదీసి పదేసి చుట్లు చుట్టాను. గోడలో గాడి కొట్టి, పైపు పరిచి, సిమెంటు మెత్తి, పైన తెల్ల రంగు పూశాను. చూడటానికి ఎంత శుభ్రంగా ఉందో. ఆ తిప్పేష్ క్లాంపులు కొట్టుంటే గోడ నిండా మేకులుండేవి. రామసుబ్బమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి పోయింది. రామసుబ్బమ్మ నా పెళ్ళాం. నలభై ఏళ్ళుగా ఆమె అంతే, మెచ్చుకోదు, తిట్టదు, చూసి పోతుంది. ఆ చూపు నాకు పడదు. బాగుందనో బాగాలేదనో చెప్పడానికి ఏం పోయింది?

గడియారం తొమ్మిదిన్నర. ఫ్యాను లేదు, తలుపులన్నీ మూసి ఉక్కపోత. బయట గాలి కిటికీ రెక్కల్ని గుంజుతోంది, ఇది గాలికాలం, కొండమీద గాలిమరలన్నీ తిరుగుతుంటాయి, మబ్బులు వచ్చినట్టే వచ్చి కర్ణాటకలోకి పోతాయి. మబ్బులకు కూడా మేం లోకువే. తొమ్మిదింటికే పెరట్లోకి పోయి సిలిండరు తిప్పి, ఇక్కడ స్టవ్వు మర మూసి కూర్చున్నాను. లహరి అడిగింది, "ఇప్పుడే యెందుకు మామా, వెలిగించే టైముకు తిప్పితే చాలదా?" అని. ఆ పిల్లకు ఏం తెలుసు? డ్రిప్పు వేసినవాడికి తెలుస్తుంది. మోటారు వేసిన వెంటనే చివరి చెట్టుకు నీళ్ళందవు. పైపు నిండాలి. గాలి పోవాలి. చివరిదాకా ఒత్తిడి చేరాలి. పన్నెండడుగులు కొత్త పైపు, దానికి గంటన్నా ఇవ్వాలి, లేకపోతే పది పద్నాలుగుకి రామసుబ్బమ్మ వెలిగిస్తే పొయ్యి టుప్పుమని ఆరిపోతుంది, ఆ జయరాం అపశకునం అంటాడు, నలుగురిలో నా పనితనం నవ్వులపాలు. అందుకే ముందే నింపి పెట్టాను. ఇవన్నీ బీకాం చదివినంత మాత్రాన రావు.

ఇందాక ఆ పిల్లే తలుపు సందులోంచి తల పెట్టింది. "మామా, ఏందో వాసనొస్తాండాది." సిద్ధాంతి వద్దన్నాడు కదా, పో అన్నాను. "గ్యాసు మాదిరుండాది మామా." రంగు వాసన అన్నాను. "రంగు వాసన నాకు తెలీదా?" అంది. "నీకంతా తెలుసమ్మా, నాకే తెలీదు. మూసెయ్యి తలుపు" అన్నాను. మూసింది. గట్టిగా మూయలేదు, నిదానంగా మూసింది, అది మరీ పొగరు. రంగు వాసనే అయ్యుంటుంది. నిన్న సాయంత్రం పూసిన రంగు ఇవాళ్టికి వాసన కొట్టకుండా ఉంటుందా, కొట్టాలి, తప్పకుండా కొడుతూ ఉండాలి. నేను ముక్కుతో గట్టిగా పీల్చాను. చల్లటి గాలి లోపలికి పోయింది, వేడిగా బయటికి వచ్చింది. అంతే. నాలుగేళ్ళుగా అంతే.

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఆ మాయదారి జ్వరం వచ్చినప్పుడు ఊళ్ళో సగం మందికి పోయింది వాసన, పది దినాలకో నెలకో అందరికీ తిరిగొచ్చింది. పక్కింటి నరసింహప్పకు వచ్చింది, వాడు బజార్లో నిలబడి బొరుగుల ఉగ్గాని వాసన కొడుతోందని పిల్లోడి లాగా గెంతాడు. నాకు రాలేదు. వస్తుందిలే అనుకున్నాను, నెల, ఆరు నెలలు, ఏడాది. ఆ తరవాత చెప్పడానికి సిగ్గేసింది. ముక్కున్నా వాసన లేనివాడంటే ఊళ్ళో ఏం పేరు పెడతారో నాకు తెలుసు, ఇలాంటి పేర్లు నేనే ఎందరికో పెట్టాను. మెల్లకన్నువాడికి పెట్టాను, నత్తివాడికి పెట్టాను. అందుకని నేర్చుకున్నాను. పక్కవాడి మొహం చూడాలి. వాడు ముక్కు మూసుకుంటే నేనూ మూసుకోవాలి, వాడు ఆహా అంటే నేనూ ఆహా అనాలి. కిందటేడు తొలివానకు ఊరంతా వాకిట్లోకొచ్చి ముక్కులు ఎగబీలుస్తూ నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను, కళ్ళు మూసుకుని మరీ పీల్చాను. మట్టి తడిసిన చల్లదనం ఒక్కటే తెలిసింది. ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఏమప్పా ఈ ఎదవ వాన దుక్కికి ఒక పదునన్నా కాలేదని తిట్టాను. అంతకు ముందు, మూడేళ్ళ కిందట, శెనక్కాయ మూటల గదిలో మూడు రాత్రులు పడుకున్నాను, మూటల సందులో ఎలుక చచ్చి కుళ్ళిపోయి ఉందట. నాలుగో పొద్దున రామసుబ్బమ్మ వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కట్టెతో దాన్ని ఈడ్చి పారేసింది. నావైపు చూసింది. నేను "రాత్రే చచ్చినట్టుండాది" అన్నాను. నమ్మిందనే అనుకున్నాను. ఆమెను నమ్మించడం ఏమంత పని? ఎలుక ఎప్పుడు చచ్చిందని లెక్కలేసే మనిషి కాదు.

ఆమెకు కొన్నేళ్ళుగా పిసినారితనం కూడా పట్టుకుంది. ఒకప్పుడు ఎండాకాలం వస్తే సాయంత్రానికి మూరెడు మల్లెపూలు లేకుండా ఉండేది కాదు, కుందుర్పి సంతకు పోతే ముందు పూల గంప దగ్గరే ఆగేది. ఇప్పుడు పొద్దస్తమానం ఆ కనకాంబరాలే, ఎండిపోయినా తీయదు. మల్లెలు పిరమైనాయేమో. పూలకాడ మిగిల్చి మేడలు కడుతుంది కాబోలు. ఇవాళ కొత్త పొయ్యి వెలిగించే దినం, పట్టుచీర కట్టింది, ధర్మవరం చీర, జడలో మళ్ళీ అవే కనకాంబరాలు. పది పద్నాలుగుకి దేవుడి గదిలో దీపం పట్టుకొస్తుంది. అగ్గిపెట్టెతో వెలిగించకూడదట, దేవుడి దీపంతోనే కొత్త పొయ్యి అంటించాలట. చేతిలో మండే దీపంతో నడిచొచ్చి, ఈ తలుపు తెరిచి, ఈ గడప దాటి, ఈ నేల మీద నిలబడుతుంది.

తొమ్మిదీ యాభై. తల కొంచెం పట్టేసినట్టుంది. బీపీ బిళ్ళ వేసుకోలేదేమో. వేసుకున్నాను, రాగి చెంబుతో నీళ్ళు తాగాను కదా. ఉక్కపోతకే. ఆ జయరాం గొణుగుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది, స్, స్, స్ అని, మంత్రమో మాయో, పళ్ళు లేని నోటితో. పక్కింట్లో కుక్కరు పెట్టారేమో. లేదు, కుక్కరు ఆగి ఆగి వేస్తుంది ఈల. ఇది ఆగడం లేదు. గాలేమో, కిటికీ సందులోంచి. గాలి ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా ఉంటుంది, ఇది ఒకే తీరుగా ఉంది. నా చెవిలో హోరేమో అనుకుని చెవులు మూసుకున్నాను, ఆగిపోయింది. తీశాను, మళ్ళీ ఉంది. సన్నగా. ఈ సవ్వడి నాకు తెలుసు. నడిరేయి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేసి, లైటు లేకుండా సాలు వెంబడి నడిచేవాణ్ణి. ఎక్కడ పైపు చిల్లుపడినా నీళ్ళ చెమ్మ కాలికి తగలకముందే చెవికి తగిలేది. బయ్యన్న చెవితోనే లీకు పట్టేస్తాడని ఊరంతా అనేవారు. కళ్ళు మూసుకుని వేలు చూపిస్తే అక్కడే ఉండేది చిల్లు. ఇప్పుడు కళ్ళు మూసుకున్నాను. వేలు లేచింది. తెల్ల రంగు పూసిన గోడ, నడిమధ్య, జాయింటరు పెట్టిన చోటు.

కాదు. పది చుట్లు చుట్టాను అక్కడ. నా చేతుల మీద నాకు నమ్మకముంది. లీకైతే వాసన రాదా? వస్తుంది, వచ్చేవాడికి. ఆ పిల్ల చెప్పింది కదా. ఆ పిల్లను పిలిస్తే చాలు, ఒక్కసారి వచ్చి వాసన చూడమ్మా అంటే చాలు. అంటే? మామా నీకు తెలీడం లేదా అంటుంది. హాల్లో జయరాం ఉంటాడు, వింటాడు, కొబ్బరికాయతో పాటు ఈ కబురు కూడా చుట్టూ ఉన్న పది ఊళ్ళకూ మోస్తాడు. వద్దు. కుర్చీలోంచి లేచాను. గోడకు చెవి ఆనించాను. సిమెంటు చల్లగా ఉంది. ఉంది సవ్వడి, ఉంది, దగ్గరగా ఉంది. అయినా చెవి ముసలిదైంది, మోసం చేయొచ్చు. తిప్పేష్ అన్న మాట గుర్తొచ్చింది, కిందికి దిగి నేల మీద పరుచుకుంటాది. నా పాదాల వైపు చూశాను. ఏముంటుంది, గచ్చు ఉంది, దాని మీద ముగ్గు ఉంది. సింకు దగ్గర గిన్నెలు తోమే సబ్బు. ఎవరూ చూడటం లేదని అటూ ఇటూ చూసి, నా ఇంట్లో నేనే దొంగ లాగా, చెంబులో నీళ్ళు పోసి సబ్బు ముక్క కలిపాను. చేతగానివాళ్ళ పని. నురగను మూడు వేళ్ళతో తీసి గోడకు పూశాను. రంగు కింద సిమెంటు వెంట్రుక వాసి పగిలి ఉంది, అప్పటిదాకా కనపడలేదు. ఆ పగులు మీద ఒక బుడగ లేచింది. బఠానీ గింజంత, రేగ్గాయంత, నిమ్మకాయంత అయి పగిలింది. దాని వెనకే ఇంకొకటి. ఆగకుండా.

ఎంతసేపు చూశానో. గంట. గంటకు పైగా ఈ మూసిన గదిలో, నా కాళ్ళ చుట్టూ, ఎంత నిండిందో. నిండాలి నిండాలి అని నేనే నింపాను. పైపు కాదు, గది నిండింది. హాల్లో జయరాం గొంతు లేచింది, "అమ్మా, టైమాయ, దీపం తీసుకో తల్లీ." గడియారం పది పదమూడు. కాలిమెట్టెల చప్పుడు వినిపించింది. రామసుబ్బమ్మ నడుస్తోంది, నలభై ఏళ్ళుగా వింటున్న చప్పుడు, చేతిలో దీపం ఉంది కాబట్టి నిదానంగా నడుస్తోంది. పెరటి తలుపు గొళ్ళెం లాగి తెరిచాను, గాలి కొట్టింది మొహాన. సిలిండరు మూడడుగుల దూరంలో ఉంది. దాని మర కట్టేసి వచ్చేలోపు ఆమె ఈ తలుపు తెరుస్తుంది. అటు పోలేదు. వెనక్కి తిరిగి హాలు తలుపు వైపు పరిగెత్తాను, కుర్చీ తగిలి పడింది, తలుపు మనిషి పట్టేంత తెరిచి బయటికొచ్చి వీపుతో మూశాను. ఎదురుగా ఆమె, పసుపు పూసిన మొహం, రెండు చేతుల మధ్య దీపం. నేను వంగి, ఉఫ్ అని ఊదేశాను.

దేవుడి దీపం, శుభకార్యంలో, ఇంటి యజమాని నోటితో ఊది ఆర్పడం. వత్తి పొగ ఆమె మొహం మీదుగా లేచింది. జయరాం "అయ్యో, అయ్యో, యెంత పని చేస్తివి బయ్యన్నా, ఇంగ ఈ ఇంటికి" అని ఏదో మొదలుపెట్టాడు. "నోరు ముయ్యి. ఆ సాంబ్రాణి చట్టి యెత్తుకొని వీధిలోకి పో" అన్నాను. "లహరీ, యే స్విచ్చూ ముట్టద్దమ్మా. అందరూ బయటికి పోండి. గ్యాసు కారతాండాది." జయరాం అందరికన్నా ముందు పోయాడు, చట్టి మాత్రం ఎత్తలేదు, లహరే ఎత్తింది. నేను ఇల్లు చుట్టి పెరట్లోకి పోయి సిలిండరు మర కట్టేశాను. వంటింటి కిటికీలు బార్లా తెరిచి వచ్చి, వాకిట్లో కానుగ చెట్టు కింద రాతిగుండు మీద కూర్చున్నాను.

లహరి ఫోను చేస్తే తిప్పేష్ పన్నెండింటికి వచ్చాడు. ఏమీ అనలేదు. అంటాడనుకున్నాను, అనడానికి నాలుగు జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఉలితో గోడ తవ్వి, పైపు బయటికి లాగి, జాయింటరు దగ్గర ముక్క కోసి, తెచ్చి నా చేతిలో పెట్టాడు. సైకిల్ ట్యూబు చీలిక ఉబ్బి, నానిన తోలు లాగా మెత్తబడి, నేను వేలితో తాకితే చుట్లు వదిలిపోయింది. "రబ్బరును గ్యాసు తింటాదన్నా" అన్నాడు, తప్పు పట్టినట్టు కాదు, మామూలుగా. అదే నాకు మరీ కష్టమైంది. తిట్టుంటే తిట్టేవాణ్ణి. తరవాత లోపలికి పోబోయి ఆగి, వాకిట్లో నలుగురు నిలబడి ఉండగా అడిగాడు, "గంటసేపు ఆడే కూచున్నావంట కదన్నా, వాసన రాలేదా నీకు?"

అందరూ నావైపు చూశారు. గోడ అవతలి నుంచి నరసింహప్ప కూడా తొంగిచూస్తున్నాడు, వాడి మొహం నిండా ఆశ. నలభై ఏళ్ళలో మొదటిసారి, ఎవరినీ ఏమీ అనడానికి దొరకలేదు.

"ఆయప్పకు జలుబు" అంది రామసుబ్బమ్మ. ఆరిన దీపం ఇంకా చేతిలోనే ఉంది ఆమెకు. "రెండు దినాల సంది జలుబు. ముక్కు మూసుకపోయింది. నువ్వు పోయి పని చూడప్పా."

తిప్పేష్ లోపలికి పోయాడు. నరసింహప్ప తల గోడ అవతలికి దిగింది. లహరి అత్త మొహం, నా మొహం చూసి, నీళ్ళు తెస్తానని పక్కింటికి పోయింది. రామసుబ్బమ్మ వచ్చి గుండు మీద ఆ చివర కూర్చుంది, దీపం పక్కన పెట్టింది. పట్టుచీర కొంగు గాలికి లేస్తే దోపుకుంది. తల తిప్పకుండా నేను అడిగాను. "నీకెప్పుడు తెలిసింది?"

"యెలక చచ్చినప్పుడు" అంది. "మూడు రాత్రులు దాని పక్కన పడుకొంటివి."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పినావా?"

గాలికి ఆమె జడలోంచి ఒక కనకాంబరం రాలి నా చెప్పు పక్కన పడింది. వంగి తీశాను, అలవాటు కొద్దీ ముక్కు దగ్గరికి తీసుకుపోయి, మధ్యలో ఆపాను. ఆమె చూసింది. నలభై ఏళ్ళుగా ఎరిగిన అదే చూపు, మెచ్చుకోదు, తిట్టదు.

"దానికి వాసనుండదులే" అంది. "మూడేండ్లాయ నేను మల్లెపూలు మానేసి. యెందుకని ఒక్కనాడన్నా అడిగినావా?"